చెక్కుడుచిత్రంలో వీధిపోరు: వెనిస్ వంతెన యుద్ధాలు, దృశ్యసాక్ష్యం, ప్రజారాజకీయం

వ్యాససంగ్రహం: పదహారు, పదిహేడు శతాబ్దాల వెనిస్‌లో కాస్తెల్లాని, నికొలొత్తి అనే రెండు పక్షాల శ్రామికజనం వంతెనల మీద చేసిన పోరాటాలు ఆనాటి ముద్రిత చిత్రాలకు ఇష్టమైన వస్తువు. జాకొమో ఫ్రాంకో 1610లో వెలువరించిన చిత్రసంపుటిని ఆధారంగా చేసుకొని, ఈ తరహా చిత్రం ఎవరి కంటితో ఆ పోరును చూపుతున్నదో, దేనిని చూపకుండా వదిలివేస్తున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వంతెన యుద్ధాలను పాలకులు ప్రజల ఆవేశానికి ఇచ్చిన వెసులుబాటుగా వివరించే ప్రసిద్ధమైన అభిప్రాయం ఆ చిత్రదృష్టి నుండి పుట్టినదేనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వెనిస్, చెక్కుడుచిత్రం, వంతెన యుద్ధాలు, కాస్తెల్లాని, నికొలొత్తి, ప్రజాసంస్కృతి, దృశ్యసాక్ష్యం.

1. ఉపోద్ఘాతం

చిత్రం నడుమ ఒక రాతి వంతెన. దానికి ఇరువైపులా పిట్టగోడలు లేవు. వంతెన మీద ఇసుక వేస్తే రాలనంత జనం. పైకెత్తిన పిడికిళ్లు, వెనక్కి విరిగిన నడుములు, అంచు దాటి కాలువలోకి జారుతున్న దేహాలు. కింద నీటిలో పడవలు, పడవల నిండా చూపరులు. ఇరుగట్ల ఇళ్ల కిటికీలలోనూ, పైకప్పుల మీదా తలలే తలలు. వెనిస్ వంతెన యుద్ధాన్ని చూపే ముద్రిత చిత్రాలు చాలావరకు ఈ అమరికనే పాటిస్తాయి. జాకొమో ఫ్రాంకో 1610లో ప్రకటించిన వెనిస్ స్త్రీపురుషుల వేషధారణల సంపుటిలోని చిత్రం వాటిలో బాగా ప్రచారం పొందినది.

చిత్రాన్ని తెర మీద పెద్దది చేసి చూపినప్పుడు మొదట కలిగేది వినోదమే. నీటిలో తలకిందులుగా పడుతున్న మనిషిని చూసి నవ్వు వస్తుంది. ఆ నవ్వు చిత్రకారుడు కోరుకున్నదే. అయితే ఆ వంతెన మీద ఎముకలు విరిగేవి, పడినవారు తొక్కిసలాటలో నలిగేవారు, నీట మునిగి చనిపోయేవారు. మనుషులు చనిపోయిన సంఘటన మనకు నవ్వు తెప్పించే చిత్రంగా ఎట్లా మారింది? చరిత్ర పరిశోధనలో చిత్రాలను ఆకరాలుగా వాడేవారు తప్పించుకోలేని ప్రశ్న ఇది. ఫ్రాన్సిస్ హాస్కెల్ 1993లోనూ, పీటర్ బర్క్ 2001లోనూ చిత్రసాక్ష్యాన్ని గురించి గ్రంథాలు వెలువరించిన తరువాత, చిత్రాన్ని గతంలోకి తెరిచిన కిటికీగా భావించే అమాయకత్వం పరిశోధకులలో కొంత తగ్గింది. తెలుగులో మాత్రం విదేశీ చిత్రకళను గురించిన వ్యాసాలు ఎక్కువగా శైలి, రచయిత, కాలం అనే మూడింటి చుట్టే తిరుగుతున్నాయి. చిత్రంలోని గుంపులో ఉన్నవారు ఎవరు, ఎందుకు కొట్టుకుంటున్నారు అన్న విచారణ అరుదు.

2. రెండు పక్షాలు

వెనిస్ నగరానికి ఆరు విభాగాలు. తూర్పుకొసన ఉన్న కాస్తెల్లో విభాగం పేరు మీదుగా కాస్తెల్లాని పక్షానికి ఆ పేరు వచ్చింది. పశ్చిమకొసన ఉన్న సాన్ నికొలో దెయ్ మెందీకొలి అనే బీద మత్స్యకారుల పేట నుండి నికొలొత్తి పక్షానికి పేరు వచ్చింది. కాస్తెల్లాని పక్షానికి వెన్నెముక అర్సెనాలె, అనగా రాజ్యానికి చెందిన నౌకానిర్మాణ కేంద్రం. అక్కడి వడ్రంగులు, ఓడసందులు పూడ్చేవారు, తెడ్లు చెక్కేవారు ఆ పక్షంలో ముందు వరుసలో నిలిచేవారు. నికొలొత్తి పక్షానికి చేపలు పట్టేవారు ఆధారం. తక్కిన పేటల జనం తమ నివాసాన్ని బట్టి ఏదో ఒక పక్షంలో చేరేవారు. మతం గాని, భాష గాని, వంశం గాని ఈ విభజనకు మూలం కాదు. ఏ చర్చి గంట వినబడే చోట పుట్టావన్నదే ప్రధానం.

ఈ వైరానికి మూలం చెప్పే కథలు అనేకం. వెనిస్‌కు తొలినాళ్లలో వలస వచ్చిన రెండు పట్టణాల జనం మధ్య ఉన్న పాత పగ అని ఒక కథ. చనిపోయినవారి ఆస్తి మీద చర్చికి చెల్లించవలసిన పన్ను విషయంలో పశ్చిమపేటల జనం కాస్తెల్లో బిషప్పును చంపారని మరొక కథ. వీటి చారిత్రకతను నిరూపించడం కష్టం, ఆ అవసరమూ అంతగా లేదు. రెండు పక్షాల వారూ తమ తగవుకు ఒక పురాణం ఉండాలని కోరుకున్నారన్నది మాత్రం గమనించదగినది. రెండు పక్షాల సరిహద్దున ఉన్న సాన్ త్రొవాసో చర్చికి రెండు ముఖద్వారాలు ఉన్నాయి. ఇరుపక్షాల మధ్య వివాహం జరిగితే ఒకరు ఒక ద్వారం గుండా, మరొకరు వేరొక ద్వారం గుండా బయటికి వెళ్లేవారని సంప్రదాయం చెబుతుంది.

రాజకీయమనే మాట ఇక్కడ ఎందుకు? వెనిస్ గణతంత్ర రాజ్యం. ఐతే ఆ గణంలో చేరగలవారు కొద్దిమందే. 1297లో మహాసభ సభ్యత్వాన్ని కొన్ని వంశాలకు పరిమితం చేసిన తరువాత పాలనాధికారం ప్రభువర్గం చేతిలోనే ఉండిపోయింది. ఒకటిన్నర లక్షల పైచిలుకు జనాభా ఉన్న నగరంలో 1600 ప్రాంతాన మహాసభలో కూర్చునే అర్హత ఉన్న పురుషులు సుమారు 2,000 మంది. నగరంలో అత్యధిక సంఖ్యాకులైన శ్రామికులకు ఓటు లేదు, సభలో చోటు లేదు. వారికి వృత్తిసంఘాలు ఉన్నాయి, చర్చి సమాజాలు ఉన్నాయి, ఈ పక్షాలు ఉన్నాయి.

నికొలొత్తివారికి తమదైన నాయకుడుండేవాడు. మత్స్యకారులు ఎన్నుకొన్న ఆ పెద్దను జనం నికొలొత్తివారి దోజె అని పిలిచేవారు. దోజె అంటే వెనిస్ రాజ్యాధినేత. ఏటా క్రీస్తు స్వర్గారోహణ పండుగ నాడు దోజె బుచింతోరో అనే బంగారుపూత నావ ఎక్కి సముద్రాన్ని వివాహమాడే తంతు జరిపేవాడు. ఆ నావకు తెడ్లు వేసే గౌరవం అర్సెనాలె పనివారిది, అనగా కాస్తెల్లానివారిది. ఆ నావ వెంట తమ పెద్ద పడవ సాగే హక్కు నికొలొత్తివారిది. మీరు దోజెను మోస్తారు, మేము దోజెతో పాటు తెడ్డు వేస్తాము అని నికొలొత్తివారు ఎద్దేవా చేసేవారట. ఈ ఎత్తిపొడుపులో రాజ్యం పట్ల ద్వేషం లేదు. రాజ్యానికి ఎవరు ఎక్కువ దగ్గర అన్న పోటీ ఉంది. పాలనలో ఏ పాత్రా లేనివారు పాలకుని పక్కన ఎవరి చోటు గొప్పదో తేల్చుకొనడానికి వంతెన ఎక్కారు. అది మనం వాడే అర్థంలో పార్టీ రాజకీయం కాకపోవచ్చు. కాని ప్రతిష్ఠ, స్థానం, గుర్తింపు అనే మూడూ రాజకీయ విషయాలే.

3. పోరు జరిగే తీరు

వంతెన యుద్ధాల చరిత్రకు నేడు ప్రామాణిక గ్రంథం రాబర్ట్ సి. డేవిస్ 1994లో ప్రకటించిన 'ది వార్ ఆఫ్ ది ఫిస్ట్స్'. అంతకుముందే అర్సెనాలె కార్మికుల మీద ప్రత్యేక గ్రంథం రాసిన చరిత్రకారుడాయన. పదిహేడవ శతాబ్దిలో పేరు చెప్పుకోని ఒక రచయిత ఈ పోరాటాలను ఒక్కొక్కటిగా నమోదు చేసిన వృత్తాంతం ఆయన పరిశోధనకు ముఖ్యమైన ఆకరం.

పోరుకు కాలం శరదృతువు. సెప్టెంబరు మొదలు క్రిస్మస్ వరకు ఆదివారాలలోనూ, పండుగ దినాలలోనూ జరిగేది. పనిమానే రోజులు అవే కదా. పదహారవ శతాబ్దిలో ఆయుధం కర్ర. మొన చెక్కి గట్టిపరచిన బెత్తాలతో, డాళ్లతో, శిరస్త్రాణాలతో దిగేవారు. పదిహేడవ శతాబ్దిలో కర్ర వెనుకబడి పిడికిలి ముందుకు వచ్చింది. వేదికలుగా వాడిన వంతెనలు కొన్నే. వాటిలో పేరు పొందినది సాన్ బార్నబా దగ్గరి వంతెన. రెండు పక్షాల సరిహద్దు మీద ఉండడం, పక్కన మైదానం ఉండడం దానికి కలిసివచ్చిన అంశాలు. నేటికీ దాని పేరు పొంతె దెయ్ పూన్యి, అనగా పిడికిళ్ల వంతెన.

పోరులో రెండు దశలు ముఖ్యం. మొదటిది మోస్త్రా, అంటే ప్రదర్శన. ఇరుపక్షాల నుండి ఒక్కొక్కరు వచ్చి వంతెన మూలల దగ్గర నిలిచి ద్వంద్వయుద్ధం చేసేవారు. రక్తం కళ్లబడితేనో, ఒకడు నీట పడితేనో ఆట ముగిసినట్లు. రెండవది ఫ్రొత్తా, మూకుమ్మడి తోపులాట. వంతెన నడినెత్తిని ఆక్రమించి నిలిచినవారిది గెలుపు. పద్రీని అనే పెద్దలు ఇరువైపులా నిలిచి జతలు కూర్చడం, తగవు తీర్చడం, మితిమీరినవారిని లాగివేయడం చేసేవారు. మధ్యవర్తులు, ముందే అంగీకరించిన నియమాలు, గెలుపోటముల లెక్క ఉన్న చోట దానిని గుంపు ఆవేశమని కొట్టివేయలేము.

పద్రీని పదవి గురించి ఇంకొక మాట. వారు ప్రభువులు కారు. వంతెన మీద పేరు తెచ్చుకొని వయసు మళ్లిన శ్రామికులు. పట్టపగలు వేలమంది ముందు ఒక వడ్రంగి చేయెత్తితే రెండు సేనలు ఆగడం, అతడు చేయి దించితే కదలడం అన్నది ఆ నగరంలో మరెక్కడా ఆ వర్గానికి లభించని అధికారం.

4. చిత్రం చూపనివి

ఇక చిత్రం దగ్గరకు వద్దాం. చెక్కుడుచిత్రం తయారయ్యే పద్ధతి తెలిస్తే కొన్ని విషయాలు వాటంతట అవే బయటపడతాయి. పదునైన ఉలితో రాగిరేకు మీద గీతలు చెక్కి, ఆ గాడులలో సిరా నింపి, తడి కాగితాన్ని అదిమి అచ్చు తీస్తారు. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి. చెక్కేవాడు ముందుగానే బొమ్మను తిరగవేసి చెక్కితే తప్ప, వంతెనకు ఏ వైపున ఏ పక్షం ఉన్నదో చిత్రాన్ని చూసి చెప్పడం భద్రం కాదు. కొనుగోలుదారుకు ఆ తేడా పట్టదు. పోరాడినవారికి అదే సర్వస్వం.

రంగు విషయం ఇంతకన్న ముఖ్యం. సంప్రదాయ కథనాల ప్రకారం కాస్తెల్లానివారి గుర్తు ఎర్రటోపీ, నికొలొత్తివారి గుర్తు నల్లటోపీ. నల్లసిరా అచ్చులో ఎరుపు లేదు. రెండు పక్షాలను విడదీసే గుర్తు కాగితం మీదికి రాగానే రెండు సేనలు ఒకే గుంపైపోయాయి. ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియదు. ఇది చిత్రకారుని కుట్ర కాదు, అతని పనిముట్టుకున్న పరిమితి. కాని ఫలితం చిన్నది కాదు. పక్షం చెరిగిపోయిన పోరులో కారణం కూడా చెరిగిపోతుంది. కారణం లేని కొట్లాట చూడడానికి రెండే తీరులుంటాయి, వేడుకగానో లేక పిచ్చిగానో.

మూడవది చూపు ఎత్తు. ఇటువంటి చిత్రాలలో మన కన్ను సాధారణంగా వంతెనకు ఎదురుగా, నీటికి పైన, ఒక మేడ కిటికీ ఎత్తున ఉంటుంది. పోరాడేవాడి కన్ను అక్కడ ఉండదు. వాడికి కనబడేది ఎదుటివాడి ఛాతీ. గట్టు మీది జనానికీ వంతెన మొత్తం కనబడదు. ఆ ఎత్తు నుండి చూడగలిగినవారు కాలువ ఒడ్డున ఇల్లున్న ప్రభువులు, వారి అతిథులు. ఫ్రాంకో సంపుటి వంటి పుస్తకాలు, విడి అచ్చులు కొన్నవారిలో విదేశీ యాత్రికులు అనేకులు. వెనిస్‌లో చూసిన వింతలను తమ స్నేహితుల సంతకాల పుస్తకాలలో బొమ్మలుగా వేయించుకొని వెళ్లడం అప్పటి విద్యార్థియాత్రికుల అలవాటు. దోజె ఊరేగింపు, గోండోలాలో పెళ్లికూతురు, వంతెన మీద పోరు ఆ పుస్తకాలలో పక్కపక్కనే కనబడతాయి. వేషధారణల సంపుటిలో పోరాటానికి చోటు దొరకడమే ఒక వ్యాఖ్యానం. ప్రభువు ధరించే అంగీ ఎట్లా వెనిస్ విశేషమో, పామరుడు కొట్టుకోవడమూ అట్లాగే ఒక విశేషమన్నమాట.

5. వెసులుబాటు వాదం

ప్రభుత్వం ఈ పోరాటాలను ఎందుకు సహించింది? చాలాకాలంగా చెప్పే సమాధానం ఒకటుంది. శ్రామికులు తమలో తాము కొట్టుకుంటుంటే పాలకుల మీదికి రారు. అందువల్ల పాలకులు రెండు పక్షాలను కావాలనే పెంచారు. పైగా జనానికి యుద్ధాభ్యాసమూ అయింది. ఈ వాదం చదవడానికి ఇంపుగా ఉంటుంది. పాలకుల తెలివి మీద మనకున్న గౌరవాన్ని పెంచుతుంది కూడా.

కాని ఆకరాలు ఇంత సూటిగా లేవు. నగరభద్రతను చూసే పదిమంది సభ ఈ పోరాటాలను నిషేధిస్తూ మళ్లీ మళ్లీ ఆజ్ఞలు జారీ చేసింది. ఒకే నిషేధాన్ని పదేపదే ప్రకటించవలసి వచ్చిందంటే అది అమలు కాలేదని అర్థం. పోరు ఆపడానికి వచ్చిన బంట్రోతులను ఇరుపక్షాలవారూ కలిసి తరిమికొట్టిన సందర్భాలున్నాయి. పాలకులు వేసిన తాళమే అయితే దాని చెవి వారి దగ్గర ఉండవలసింది కదా! మరోవైపు, ప్రభువర్గంలోనే పక్షాభిమానులు ఉండేవారు. తమకిష్టమైన పక్షాన్ని ప్రోత్సహిస్తూ కిటికీలలో కూర్చున్న వారిలో నిషేధాజ్ఞకు ఓటు వేసిన కుటుంబాలవారు లేకుండా పోరు. ఒకే వర్గం చట్టం దగ్గర ఒకలాగ, కిటికీ దగ్గర ఒకలాగ ప్రవర్తించడాన్ని ముందుచూపు గల విధానమని పిలవడం సాహసమే.

రాజ్యం తానే పూనుకొని జరిపించిన పోరాటాలు కూడా ఉన్నాయి, అవి విశిష్ట అతిథుల కోసం. 1574 జూలైలో మూడవ హెన్రీ పోలండ్ సింహాసనం విడిచి ఫ్రాన్సు రాజుగా స్వదేశానికి వెళుతూ వెనిస్‌లో ఆగాడు. ఆయనకోసం కర్రల యుద్ధం ఏర్పాటు చేశారు. నిజమైన యుద్ధమనుకుంటే ఇది చాలా తక్కువ, ఆట అనుకుంటే మరీ క్రూరం అనే భావం వచ్చే మాట ఆయన అన్నట్లు ప్రచారంలో ఉంది. ఆ మాట నిజంగా ఆయనదే కావచ్చు, కాకపోవచ్చు. కాని ఈ పోరును ఏ గదిలో ఉంచాలో పై నుంచి చూసేవారికి తెలియలేదన్న సంగతి అందులో దాగలేదు.

పీసా నగరంతో పోలిస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. అక్కడ ఆర్నో నది మీది వంతెన పోరు మెదిచీ ప్రభువుల పాలనలో కవచాలతో, పతాకాలతో, దళాల పేర్లతో రాజోత్సవంగా స్థిరపడింది. పాలకుడు తన చేతిలోకి తీసుకున్న పోరు ఎట్లా ఉంటుందో చూడదలచినవారు పీసాను చూడాలి. వెనిస్ పోరు ఆ స్థితికి చేరలేదు. తేదీ, జత, మధ్యవర్తి అన్నీ శ్రామికులే నిర్ణయించుకున్నారు.

వెసులుబాటు వాదం ఎక్కడి నుండి వచ్చిందన్నది ఇప్పుడు ఊహించవచ్చు. రంగు పోయిన చిత్రంలో రెండు పక్షాలు కనబడవు, ఒకే జనసమూహం కనబడుతుంది. ఆ సమూహానికి సొంత లక్ష్యం కనబడదు గనుక దాని కదలికకు కారణాన్ని చిత్రం బయట, కిటికీలో కూర్చున్న ప్రభువులో వెదుకుతాము. చిత్రకారుడు మనను కూర్చోబెట్టిన చోటు కూడా అదే కదా. ఆ కిటికీ నుండి చూసినవాడికి ప్రజల పని ఏదైనా పాలకుని అనుమతిగానే తోస్తుంది. ప్రజాసంస్కృతి మీద వచ్చిన సిద్ధాంతాలను మన జాతరలకూ, ఉత్సవాలకూ అన్వయించే పరిశోధకులు కూడా తాము ఏ కిటికీలో కూర్చుని చూస్తున్నామో ఒకసారి సరిచూసుకుంటే మంచిదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

6. నిప్పు, నిషేధం, మిగిలిన బొమ్మ

అర్సెనాలె పనివారికి నగరంలో మరికొన్ని బాధ్యతలుండేవి. దోజె మరణించి కొత్తవాడు ఎన్నికయ్యేలోగా రాజభవనానికి కాపలా కాసేది వారే. కొత్త దోజెను మైదానం చుట్టూ భుజాల మీద మోసేది వారే. నగరంలో నిప్పంటుకుంటే ఆర్పడానికి పరుగెత్తవలసిందీ వారే. 1705 సెప్టెంబరులో సాన్ బార్నబా వంతెన మీద పోరు పిడికిళ్ల హద్దు దాటి రాళ్లకు, కత్తులకు వెళ్లింది. అదే సమయంలో ఉత్తరాన కన్నరేజో విభాగంలోని సాన్ జిరోలమో కన్యకాశ్రమం తగలబడింది. ఆర్పవలసినవారు పోరు విడిచి రాలేదు.

అప్పటివరకు గాయాలను, చావులను ఓర్చుకున్న ప్రభుత్వం ఆ తరువాత ఓర్చుకోలేదు. ఈసారి నిషేధం అమలయింది. రక్తపాతం ఇంతకుముందూ ఉంది, కత్తులు ఇంతకుముందూ బయటికి వచ్చాయి. రాజ్యం పిలిచినప్పుడు దాని సొంత పనివారు తమ పక్షాన్ని ఎంచుకొనడం మాత్రం ఇంత బహిరంగంగా అంతకుముందు కనబడలేదు. ప్రజల ఆవేశానికి వెసులుబాటుగా ఉపయోగపడుతున్నదే అయితే పాలకులు ఆ ద్వారాన్ని మూసుకొనరు.

పోరు ఆగినా బొమ్మ ఆగలేదు. జోసెఫ్ హైన్త్స్ అనే చిత్రకారుడు 1673లో ఈ వంతెన పోరును తైలవర్ణాలలో చిత్రించాడు. అతడు తన కాలపు సంగతినే వేశాడు. పద్దెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో గబ్రియేలె బెల్లా అనే చిత్రకారుడు వెనిస్ ఉత్సవాల పరంపరను గీస్తూ అందులో సాన్ బార్నబా పోరునూ చేర్చాడు. ఆ చిత్రం నేడు క్వెరీని స్తంపాలియా సంస్థలో ఉంది. నిషేధం తరువాత పుట్టిన బెల్లా ఆ పోరును కళ్లారా చూసే అవకాశం లేదు. అతడు పాత అచ్చుచిత్రాలను ఆధారం చేసుకొని చిత్రాలు వేసేవాడన్నది తెలిసిన విషయమే. కిటికీ చూపు ఆ విధంగా ఒక కాలం నుండి మరొక కాలానికి నకలు అయింది.

కాస్తెల్లాని, నికొలొత్తి పక్షాలు మాత్రం చెదరలేదు. పడవ పందేలలోనూ, హెర్క్యులిస్ బలప్రదర్శన అని పిలిచే మానవగోపురాలలోనూ వారి పోటీ కొనసాగింది. ఒకరి భుజాల మీద ఒకరు నిలిచి అంతస్తులుగా లేచే ఆ గోపురాలను ప్రభువుల ఎదుట, పండుగ దినాలలో, ప్రభుత్వం అనుమతించిన చోట కట్టేవారు. పొంతె దెయ్ పూన్యి వంతెనకు తరువాతి కాలంలో పిట్టగోడలు వచ్చాయి. పోరాడేవారు కాలు మోపవలసిన చోటును సూచిస్తూ పొదిగిన తెల్లరాతి పాదాల గుర్తులు మాత్రం నాలుగు మూలలా ఇంకా ఉన్నాయి.